ఊర్లు డివిజన్లయ్యాయి, రైతు ఓటు ఏమైంది?

కార్పొరేషన్ ఓట్ల ముచ్చట మళ్లీ మొదలైంది. 2021లో ఎన్నికైన గ్రేటర్ వరంగల్ పాలకవర్గం ఐదేళ్ల గడువు 2026 మే నెలతో తీరిపోతుంది. కొత్తవాడ చాయ్ హోటళ్ల దగ్గర, ఎనుమాముల మార్కెట్ షెడ్ల కింద, మడికొండ బస్టాండులో ఒకటే లెక్కలు. ఏ డివిజన్ ఏ రిజర్వేషన్‌కు పోతది, ఎవరికి టికెట్ వస్తది, ఏ కులపోళ్ల ఓట్లు ఎన్ని ఉన్నయి, ఎవరు ఎంత ఖర్చు పెడతరు? ఇన్ని లెక్కల్లో సాగు లెక్క ఒక్కటి కూడా మా చెవిన పడలేదు.

రైతు సంఘం పత్రికకు కార్పొరేషన్ ఎన్నికలతో ఏం పని అని కొందరు సభ్యులే మమ్మల్ని అడుగుతున్నారు. పట్నం ఓట్లు పట్నపోళ్లవి, మనం గిట్టుబాటు ధర గురించి రాసుకుందాం అంటున్నారు. అక్కడే మనం పొరపాటు పడుతున్నామని మా అభిప్రాయం. అందుకే ఈ నెల సంపాదకీయం ధర గురించి కాదు, ఓటు గురించి.

2013లో వరంగల్ చుట్టూ ఉన్న 42 ఊర్లను కార్పొరేషన్‌లో కలిపారు. 2015 జనవరిలో దానికి గ్రేటర్ అని పేరు వచ్చింది. ఇప్పుడు దాని విస్తీర్ణం దాదాపు 407 చదరపు కిలోమీటర్లు. మడికొండ, రాంపూర్, హసన్‌పర్తి, పైడిపల్లి, ఆరెపల్లి, గొర్రెకుంట, మామునూరు ఇవన్నీ కాగితం మీద నగరమే. కానీ పొద్దున లేచి చూస్తే ఏముంది? మిర్చి తోట, పత్తి చేను, వరి మడి, బర్రెల కొట్టం. రైతు మారలేదు, పంట మారలేదు. మారింది ఊరి పేరు ముందు ఉన్న బోర్డు, దానితో పాటు ఇంటి పన్ను.

ఆ బోర్డు మారినప్పుడు మనం ఏం పోగొట్టుకున్నామో ఆనాడు ఎక్కువ మందికి అర్థం కాలేదు. రోడ్లు వస్తయి, నల్లా వస్తది, భూమి రేటు పెరుగుతది అని సంతోషపడ్డవాళ్లే ఎక్కువ. కొన్ని వచ్చాయి కూడా, కాదనం. కానీ మొదట పోయింది గ్రామసభ. ఊరి నడుమ చెట్టు కింద కూర్చుని సర్పంచ్‌ను పేరు పెట్టి పిలిచి నిలదీసే చోటు అది. అది పేరుకే జరిగేదని అనేవాళ్లు ఉన్నారు. నిజమే, చాలా ఊర్లలో సంతకాల సభే. అయినా నిలదీసే హక్కు చట్టంలో ఉండేది. ఇవాళ రైతు అడగాలంటే కార్పొరేటర్ ఇంటికి పోవాలి, ఆయన ఇంట్లో ఉండాలి, ఉన్నా పలకాలి.

రెండోది ఉపాధి హామీ పని. ఆ చట్టం గ్రామీణ ప్రాంతానికే. 2006లో దేశంలో మొదటి విడతగా ఆ పథకం మొదలైన జిల్లాల్లో మన వరంగల్ ఒకటి. కార్పొరేషన్‌లో కలిసిన రోజుతో ఆ ఊర్ల కూలీల చేతిలోని జాబ్ కార్డు చిత్తు కాగితమైంది. దీని దెబ్బ పదేళ్ల తర్వాత కూడా తగిలింది. 2025 జనవరిలో ప్రభుత్వం భూమిలేని వ్యవసాయ కూలీలకు ఏడాదికి 12 వేల రూపాయలు ఇస్తామని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా తెచ్చింది. దానికి షరతు ఏమిటి? ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలి. గెట్టుకు ఇవతల కైకిలికి పోయే ఆడమనిషి కార్పొరేషన్‌లో ఉంది, గెట్టుకు అవతల కైకిలికి పోయే ఆడమనిషి పంచాయతీలో ఉంది. ఇద్దరూ ఒకే చేనులో మిర్చి ఏరతారు, ఒకే కూలి తీసుకుంటారు. కానీ సర్కారు లెక్కలో ఒకరు కూలీ, ఇంకొకరు నగరవాసి.

ఇంత అన్యాయం జరిగితే ఓట్లలో అది కనపడాలి కదా? కనపడిందా? ఫలితాలు తీసి చూద్దాం.

2016 మార్చిలో గ్రేటర్‌కు మొదటి ఎన్నికలు జరిగాయి. 58 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కు 44 వచ్చాయి. 2021 ఏప్రిల్ 30న, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజుల్లో, 66 డివిజన్లకు పోలింగ్ పెట్టారు. టీఆర్‌ఎస్‌కు 48, బీజేపీకి 10, కాంగ్రెస్‌కు 4, మిగిలినవి ఇతరులకు. అంటే రాష్ట్రంలో ఎవరు అధికారంలో ఉంటే కార్పొరేషన్ వాళ్లకే. ఎందుకు వేశారని అడిగితే మన సభ్యులే చెప్పిన జవాబు ఒకటుంది. "ఉన్నోళ్లకు ఏస్తే పనైతది, లేనోళ్లకు ఏస్తే ఓటు వేస్ట్." ఈ మాటలో తెలివి లేదని మేము అనం. ఐదేళ్లు ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషికి వచ్చే తెలివే అది. మా సంఘమే ఒక కుంట కాలువ పూడిక తీయించమని ఒక ఆఫీసులో మూడుసార్లు దరఖాస్తు ఇచ్చింది. ఇది మాది కాదు, పక్క శాఖది అన్నారు. పక్క శాఖకు పోతే అది నగరంలో కలిసింది, మాది కాదు అన్నారు. ఆ దరఖాస్తు నకలు ఇంకా మా సంచిలోనే ఉంది. అలాంటప్పుడు అధికారంలో ఉన్నోళ్లను పట్టుకోవడం తప్ప దారేమున్నదని రైతు అనుకుంటే తప్పు పట్టలేం.

మరి అదే ఓటరు అసెంబ్లీకి, పార్లమెంటుకు ఏం చేశాడు? 2018లో వరంగల్ తూర్పు, పశ్చిమ, వర్ధన్నపేట, పరకాల నాలుగూ టీఆర్‌ఎస్ గెలిచింది. 2023లో ఆ నాలుగూ కాంగ్రెస్‌కు పోయాయి. కొత్తవాడ ఉన్న తూర్పులో కొండా సురేఖ గెలిచారు. అంతకు ముందు మేయర్‌గా, తర్వాత ఎమ్మెల్యేగా ఉన్న నన్నపునేని నరేందర్ మూడో స్థానానికి పోయారు. లోక్‌సభ సంగతి ఇంకా విచిత్రం. 2015 ఉప ఎన్నికలో టీఆర్‌ఎస్‌కు 4 లక్షల 59 వేల మెజారిటీ ఇచ్చిన నియోజకవర్గం మనది. 2024లో అదే పార్టీ మూడో స్థానంలో నిలిచింది. ఏ నాయకుడైనా మన ఓటు తన జేబులో ఉందనుకుంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

అంటే వరంగల్ ఓటరు మొద్దు నిద్రలో లేడు. కోపం వస్తే తిరగబడతాడు. కానీ తిరగబడి ఎవరి చేతిలో పెడుతున్నాడు? 2024లో గెలిచిన కడియం కావ్యను మొదట బీఆర్‌ఎస్సే తన అభ్యర్థిగా ప్రకటించింది. ఆమె కాంగ్రెస్‌లోకి వెళ్లి గెలిచారు. రెండో స్థానంలో వచ్చిన బీజేపీ అభ్యర్థి ఆరూరి రమేశ్ అంతకు ముందు బీఆర్‌ఎస్ ఎమ్మెల్యే. టీఆర్‌ఎస్ తరఫున మేయర్ అయిన గుండు సుధారాణి కూడా 2024లో కాంగ్రెస్‌లో చేరారు. ఎవరినీ వ్యక్తిగతంగా అనడం మా ఉద్దేశం కాదు. పార్టీ మారడం ఈ రోజుల్లో అందరూ చేస్తున్న పనే. మేము చెప్పేది ఒక్కటే. మనం జెండాను చూసి ఓటేస్తున్నాం, జెండా మాత్రం మనిషి మీద నిలబడటం లేదు. అలాంటప్పుడు మన సమస్యను జెండాకు కట్టి లాభం లేదు. సమస్యను సమస్యగానే, రాతపూర్వకంగా అభ్యర్థి ముందు పెట్టాలి.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. 2021 కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటర్లలో దాదాపు సగం మందే ఓటేశారు. కరోనా భయం ఉంది, కాదనం. కానీ విలీన ఊర్లలో ఓటు బలం తగ్గడానికి కారణం అదొక్కటే కాదు. డివిజన్ గీసినప్పుడు పాత ఊరు సగం, కొత్త కాలనీలు సగం కలిసి ఒక డివిజన్ అయ్యాయి. మన పొలాల్లోనే లేచిన వెంచర్లలో ఇండ్లు కట్టుకున్నవాళ్లు ఉద్యోగస్తులు, వ్యాపారులు. వాళ్లకు కావలసింది సీసీ రోడ్డు, డ్రైనేజీ, వీధి లైటు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల అవసరం. కానీ కార్పొరేటర్ ఎక్కడ ఎక్కువ ఓట్లుంటే అక్కడికే పోతాడు. కాలనీవాళ్లకు సంక్షేమ సంఘం ఉంది, దానికి అధ్యక్షుడు ఉన్నాడు, లెటర్‌ప్యాడ్ ఉంది. పాత ఊరి రైతుకు ఏముంది? కుల సంఘం ఉంది, పార్టీ కమిటీ ఉంది, రైతుగా కూర్చునే చోటు మాత్రం లేదు.

ఇప్పుడు మన తప్పు కూడా ఒప్పుకోవాలి. విలీన ఊర్లలో రైతు ఓటు ఒక్కటిగా లేదు, మూడు ముక్కలైంది. రోడ్డు పక్క పట్టా ఉన్న రైతుకు భూమి గజాల లెక్కన కనపడుతోంది. ఎకరానికి 4,840 గజాలు, గజానికి ఇంత అని నోట్లోనే లెక్క కడతాడు. ఆయన ఓటు రింగు రోడ్డు ఎవరు తెస్తారో వాళ్లకు. అదే భూమిని కౌలుకు చేసేవాడికి ఆ రోడ్డు వస్తే సాగు పోతుంది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పట్టాదారుకే వచ్చింది. 2022 మే 6న హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ప్రకటించిన రైతు డిక్లరేషన్‌లో కౌలు రైతుకు కూడా ఎకరానికి 15 వేలు అన్నారు. 2025లో రైతు భరోసా 12 వేలతో మొదలైంది, అదీ పట్టా ఉన్నవాళ్లకే. ప్రభుత్వం మారినా కౌలు రైతు గీత మారలేదు. మూడో ముక్క కూలీలు. వాళ్ల సంగతి పైన చెప్పాం. మన సంఘంలోనే ఈ మూడు రకాలవాళ్లూ ఉన్నారు. మీటింగులో పక్కపక్కన కూర్చుంటారు, ఓటు దగ్గర విడిపోతారు. పట్టాదారులు మాట్లాడుతుంటే కౌలు రైతు చివరి వరుసలో మౌనంగా ఉండటం మేము చూశాం, చూసి ఊరుకున్నాం కూడా. అది మా తప్పు.

ఇక డబ్బు పంపకం. ఓటుకు రెండు వేలు ఇచ్చారనుకుందాం. ఐదేళ్లకు 1,825 రోజులు. రోజుకు రూపాయి పది పైసలు కూడా పడదు. ఈ లెక్క మేము ఒక ఊరి మీటింగులో చెప్పాం, అందరూ చప్పట్లు కొట్టారు. మీటింగు అయ్యాక ఒక పెద్దవ్వ మాతో అన్న మాట ఇప్పటికీ మరవలేదు. "బిడ్డా, లెక్క మంచిగనే చెప్పినవ్. కని అయిదేండ్ల నాకు ఆళ్ల చేతి నుంచి అచ్చేది గదొక్కటే." ఆ అవ్వను తిట్టి ఏం లాభం? ఓటు వల్ల ఇంకేదైనా వస్తుందని ఆమెకు మనం ఎప్పుడైనా చూపించామా?

చూపించిన సందర్భం ఒకటుంది. దాన్ని మరిచిపోవద్దు. 2022లో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా, ఔటర్ రింగు రోడ్డు వెంట 27 ఊర్లలో 21 వేల ఎకరాలకు పైగా భూమిని ల్యాండ్ పూలింగ్ కింద తీసుకోవడానికి దిగింది. భూమి ఎకరాల్లో తీసుకుని, అభివృద్ధి చేసి, గజాల్లో తిరిగి ఇస్తారట. అప్పుడు రైతులు ఏం చేశారు? ఏ పార్టీవాడివని ఒకరినొకరు అడగలేదు. పట్టాదారు, కౌలు రైతు, కూలీ కలిసి రోడ్డెక్కారు. అధికార పార్టీ కండువా వేసుకునే రైతులు కూడా అభ్యంతర పత్రాల మీద సంతకాలు పెట్టారు. ఊరూరా తీర్మానాలు చేసుకున్నారు. అప్పుడు రాష్ట్రంలో తిరుగులేని మెజారిటీతో ఉన్న ప్రభుత్వం ముందు తాత్కాలికంగా ఆపుతున్నామంది. రైతులు నమ్మలేదు, కదలలేదు. చివరికి మే నెల ముగిసే లోపు పూలింగ్‌ను పూర్తిగా రద్దు చేసుకుంది.

అప్పుడు ఏ ఎన్నికా లేదు. ఎవరి ఓటూ పెట్టెలో పడలేదు. అయినా ప్రభుత్వం వెనక్కి పోయింది. ఎందుకు? ఆ 27 ఊర్ల ఓటు ఒక్కటైతే ఎంత ఉంటుందో నాయకులు లెక్క కట్టుకున్నారు కనుక. ఓటు బలం పోలింగు రోజు ఒక్క పూటే ఉండదు, కలిసి ఉన్నన్ని రోజులూ ఉంటుంది. 2016లో, 2021లో మనం ఓటు వేశాం కానీ కలిసి లేం. 2022లో ఓటు వెయ్యలేదు కానీ కలిసి ఉన్నాం. రెండూ ఒకే ఏడు జరిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

కొత్తవాడ సంగతి కూడా ఈ మాటలోనే చెప్పుకోవాలి. అది చేనేతల వాడ, మాకేం సంబంధం అనుకునే రైతులు ఉన్నారు. పత్తి పండించేది మనం, నూలు నేసేది వాళ్లు. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడి, దాని భూమి ప్లాట్లుగా అమ్ముడుపోయింది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది కానీ నేసేవాడి కొడుకు మగ్గం మీద కూర్చోవడం లేదు. 2017 అక్టోబరు 22న కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు సూరత్‌కు, భీవండికి వలస పోయిన మన నేతన్నలు తిరిగి వస్తారని చెప్పారు. దానికి భూములు ఇచ్చింది గీసుగొండ, సంగెం మండలాల రైతులు. భూమి రైతుది, ఆశ నేతన్నది. ఆ పార్కులో భూమి ఇచ్చిన ఇంటికి ఎన్ని ఉద్యోగాలు, కొత్తవాడ నేతన్నకు ఎంత పని అని ఇద్దరం కలిసి అడిగామా? రైతు విడిగా అడిగాడు, నేతన్న విడిగా అడిగాడు. విడివిడిగా అడిగితే విడివిడిగానే పంపించేస్తారు.

వరద కూడా మనల్ని విడదీయలేదు. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు, కాలనీలకు కాలనీలు నీళ్లలో మునిగాయి. కుంటలు పూడ్చి, నాలాల మీద కట్టుకుంటే నీళ్లు ఎటు పోతాయి? కాకతీయుల కాలం నుంచి చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువుకు పోయే గొలుసు మనది. ఆ గొలుసు మధ్యలో తెగితే పైన రైతు చేను మునుగుతుంది, కింద పట్నం ఇల్లు మునుగుతుంది. కాలనీవాళ్లతో మనకు కలిసే చోటు ఇదే. చెరువు శిఖం కాపాడమని మనం అడిగేది సాగు కోసం, వాళ్లు అడగాల్సింది ఇంటి కోసం. ఇద్దరూ అడిగేది ఒకే గెట్టు గురించి.

కాబట్టి ఈసారి మన సంఘం ఏ పార్టీకి ఓటేయమనీ చెప్పదు, ఏ పార్టీకి వేయొద్దనీ చెప్పదు. సభ్యులు తమ ఇష్టం వచ్చిన పార్టీలో ఉండొచ్చు. కానీ విలీన ఊర్లున్న ప్రతి డివిజన్‌లో అభ్యర్థులందరినీ ఒకే రోజు ఊరి నడుమకు పిలవాలి. పార్టీ ఏదైనా సరే, అందరి ముందూ ఒకే కాగితం పెట్టాలి. ఆ కాగితంలో ఇవి ఉండాలి:

ఒకటి. మాస్టర్ ప్లాన్ 2041లో మన ఊరి ఏ సర్వే నంబరు ఏ జోన్‌లో పడిందో డివిజన్ ఆఫీసులో తెలుగులో రాసి అంటించాలి. భూమి పోయేది తెలుసుకోవడానికి రైతు దళారి దగ్గరికి పోవాల్సిన అవసరం ఉండకూడదు.

రెండు. రింగు రోడ్డుకైనా, మామునూరు విమానాశ్రయానికైనా, ఇంకే పనికైనా భూమి తీసుకునే ముందు ఆ ఊరిలో బహిరంగ సభ పెట్టాలి. పట్టాదారుకు పరిహారం ఇచ్చేటప్పుడు ఆ భూమి దున్నే కౌలు రైతు పేరు కూడా రికార్డులో ఎక్కాలి.

మూడు. విలీన ఊర్ల కూలీలకు ఉపాధి పని గానీ, దానికి సమానమైన పథకం గానీ ఇవ్వాలని కార్పొరేషన్ మొదటి సమావేశంలోనే తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపాలి.

నాలుగు. చెరువులు, కుంటలు, నాలాల హద్దులు కొలిచి రాళ్లు పాతాలి. కాలువ పూడిక ఎవరి బాధ్యతో రాతపూర్వకంగా చెప్పాలి.

ఐదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు ఉండాలి. యువకులది, మహిళలది, వృద్ధులది, ప్రముఖులది. ఒక్కో దాంట్లో 15 మంది, అందులో సగం ఆడవాళ్లు. అంటే డివిజన్‌కు 60 మంది. ఈ 60 మందిలో రైతులు, కౌలు రైతులు, కూలీలు, నేతన్నలు ఉండాలి. పోయిన గ్రామసభ మళ్లీ రాకపోవచ్చు, కానీ చట్టంలో ఉన్న ఈ చోటునైనా ఖాళీగా వదలొద్దు.

ఈ కాగితం మీద అభ్యర్థి సంతకం పెడితే ఒక నకలు ఊరి చావడిలో అంటించండి, ఒకటి మన సంఘం ఆఫీసుకు పంపండి. పెట్టనని అంటే ఆ మాటా రాసుకోండి. గెలిచిన ఆరు నెలలకు అదే చోటికి ఆయనను మళ్లీ పిలుద్దాం. ఆయన పార్టీ మారినా సంతకం మారదు కదా. ఈ పత్రికలో పేజీ ఖాళీ పెడతాం, డివిజన్ వారీగా ఏం జరిగిందో అచ్చు వేస్తాం.

సంతకం పెట్టించినంత మాత్రాన అన్నీ అయిపోతాయని మేము అనడం లేదు. ఇంతకు ముందు ఎన్నో సంతకాలు గాలికి పోయాయి. కానీ సంతకం అడగడానికైనా పట్టాదారు, కౌలు రైతు, కూలీ ఒక్కచోట కూర్చోవాలి. కూర్చోవడమే సగం పని. విత్తనం పెట్టే ముందు దుక్కి ఎంత అవసరమో ఓటు వేసే ముందు ఈ కూర్చోవడం అంత అవసరం. దుక్కి లేకుండా చల్లిన గింజ ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం కొత్తవాడలో నేతన్నలతో కలిసి సమావేశం పెడుతున్నాం. విలీన ఊర్ల నుంచి ఒక్కో ఊరికి ముగ్గురు రావాలి. ఒక పట్టాదారు, ఒక కౌలు రైతు, ఒక కైకిలి మనిషి. ఈసారి కౌలు రైతును ముందు వరుసలో కూర్చోబెడతాం. మొదటి మాట కూడా ఆయనదే.